పెరటి వెనుక టౌన్‌హోములు కడతామని ఉత్తరం వస్తే: న్యూజెర్సీ ప్లానింగ్ బోర్డు విచారణకు సమగ్ర మార్గదర్శి

ఆ ఉత్తరం సర్టిఫైడ్ మెయిల్‌లో వస్తుంది. సంతకం పెట్టి తీసుకుని తెరిస్తే ఎవరో లాయరు రాసిన నాలుగు పేరాలు: ఫలానా బ్లాకు, ఫలానా లాటు, ఫలానా తేదీ రాత్రి 7:30 గంటలకు మునిసిపల్ భవనంలో ప్లానింగ్ బోర్డు విచారణ. మన కంచె అవతల ఇన్నేళ్లుగా మొక్కజొన్న పండుతున్న 12 ఎకరాల్లో 60 టౌన్‌హోములు రాబోతున్నాయని రెండోసారి చదివితే గాని బోధపడదు.

చీకటి పడేలోగా వీధి వాట్సాప్ గ్రూపు వేడెక్కుతుంది. "స్కూళ్లు ఇప్పటికే నిండిపోయాయి." "రూట్ 1 మీద సాయంత్రం కారు కదలదు." "ఇళ్ల ధరలు పడిపోతాయి." "సంతకాలు సేకరిద్దాం." "మేయరు మన దీపావళికి వచ్చాడు కదా, ఒక మాట చెబుదాం." ఈ అయిదింటిలో ఒక్కటి కూడా బోర్డు దగ్గర నిలబడదు. చివరిదైతే మనకే ఎదురు తిరుగుతుంది. ఈ సంగతి నాకు ముందే తెలిసి ఉంటే, మొదటిసారి మైకు ముందు నిలబడినప్పుడు నాకిచ్చిన మూడు నిమిషాలూ స్కూళ్ల మీదే ఖర్చు పెట్టేవాణ్ని కాదు. బోర్డు లాయరు ఎంతో మర్యాదగా, "మీ ఆందోళన అర్థమైంది, కానీ ఈ బోర్డు దాన్ని లెక్కలోకి తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు" అన్నాడు. వెనక్కి వెళ్లి కూర్చున్నాను. ఆ తరువాత మూడు విచారణలు వరసగా కూర్చుని చూస్తేనే అక్కడ ఏ మాటకు విలువ ఉందో తెలిసింది.

ఇది న్యూజెర్సీలో ఎడిసన్, మన్రో, సౌత్ బ్రన్స్‌విక్, ప్లెయిన్స్‌బరో లాంటి ఊళ్లలో ఉంటున్న మనవాళ్ల కోసం రాస్తున్నది. ఈ రాష్ట్రంలో 564 మునిసిపాలిటీలు ఉన్నాయి, దేని జోనింగ్ (ఏ స్థలంలో ఏమి, ఎంత కట్టవచ్చో చెప్పే నియమాలు) దానిదే. విచారణ నడిచే పద్ధతి మాత్రం అందరికీ ఒకటే. 1975 నాటి మునిసిపల్ ల్యాండ్ యూజ్ చట్టం దాన్ని నిర్ణయిస్తుంది. పెన్సిల్వేనియాలోనో టెక్సాస్‌లోనో ఉన్నవారికి ఇందులోని గడువులు వర్తించవు. మీ వ్యవహారంలో డబ్బు పెద్ద మొత్తంలో ఇరుక్కుని ఉంటే భూ వినియోగం చూసే లాయరును కలవండి, ఈ వ్యాసం ఆ పని చేయదు.

మొదట: ఏ బోర్డు, ఏ అధికారం

హైదరాబాదులో ఇంటి ప్లాను మంజూరు అధికారులకూ యజమానికీ మధ్య జరిగే పని. పక్కింటివాళ్లను కూర్చోబెట్టి వినే ఘట్టం సాధారణంగా ఉండదు. ఇక్కడ తలుపు అందరికీ తీసి ఉంటుంది, లోపల మాట్లాడే పద్ధతి మాత్రం కోర్టుది. ప్లానింగ్ బోర్డులో 7 లేదా 9 మంది సభ్యులు. మేయరు లేదా ఆయన తరఫు మనిషి ఒకరు, ఊరి అధికారి ఒకరు, కౌన్సిల్ సభ్యుడు ఒకరు. మిగతావారు మనలాంటి ఊరివాళ్లే. పగలు ఎక్కడో ఉద్యోగం చేసుకుని రాత్రి వచ్చి కూర్చుంటారు. అప్లికేషన్ వినేటప్పుడు వాళ్లు రాజకీయ నాయకులు కారు, దాదాపు జడ్జీలు. ముందు పెట్టిన సాక్ష్యాన్నీ ఊరి ఆర్డినెన్సునూ (స్థానిక చట్టాన్నీ) పక్కపక్కన పెట్టి చూడటమే వాళ్ల పని.

మనవాళ్లు తడబడేది ఇక్కడే. ఊళ్లో పని కావాలంటే ఎమ్మెల్యే దగ్గరకో సర్పంచి దగ్గరకో వెళ్లడం మనకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఇక్కడ విచారణలో ఉన్న అప్లికేషన్ గురించి బోర్డు సభ్యుడికి ఫోను చేయడం, గుడిలో కనిపిస్తే పక్కకు పిలిచి చెప్పడం తప్పు. ఆ సభ్యుడు నిజాయితీపరుడైతే సంగతి బయటపెట్టి తప్పుకుంటాడు, దాంతో మీవైపు పడగలిగిన ఓటు ఒకటి పోతుంది. చెప్పకుండా ఓటేస్తే, అవతలి లాయరుకు రేపు కోర్టులో అదే ఆయుధం.

ప్లానింగ్ బోర్డు పక్కనే ఇంకొకటి ఉంది: ఏడుగురు సభ్యుల జోనింగ్ బోర్డు. తేడా తెలియకపోతే సగం వాదన తప్పుదారి పడుతుంది. ఆ స్థలంలో ఇళ్లు కట్టడానికి జోనింగ్ ముందే ఒప్పుకుంటే అప్లికేషన్ ప్లానింగ్ బోర్డుకు వస్తుంది. ఒప్పుకోకపోతే, అంటే ఆఫీసుల జోనులో అపార్ట్‌మెంట్లు కట్టాలనుకుంటే, యూజ్ వేరియన్స్, అంటే వాడకానికి సంబంధించిన మినహాయింపు, కావాలి. అది జోనింగ్ బోర్డే ఇవ్వాలి, ఏడుగురిలో అయిదుగురు అవునంటేనే వస్తుంది. అనుమతించిన సాంద్రతకు మించి కట్టాలన్నా, ఎత్తు పరిమితిని 10 అడుగులు లేదా 10 శాతం మించాలన్నా ఇదే లెక్క. 15,000 జనాభాకు మించని ఊళ్లలో రెండు పనులూ ఒకే బోర్డు చేయవచ్చు. అప్పుడు యూజ్ వేరియన్స్ వంతు వస్తే మేయరూ కౌన్సిల్ సభ్యుడూ లేచి వెళ్లిపోవాలి.

అందుకే ఉత్తరంలో మొదట వెతకవలసిన మాట "వేరియన్స్". ఆ మాట లేకపోతే, అంటే జోనింగ్ అడిగిన ప్రతిదీ బిల్డరు పాటిస్తూ వస్తే, "వద్దు" అనే అధికారం ప్లానింగ్ బోర్డుకు దాదాపు లేదు. ఎన్ని వందల మంది వచ్చి హాలు నింపినా సరే. ఈ ఒక్క వాక్యం మింగుడు పడక ఎందరో రాత్రి పదకొండు గంటలకు కోపంతో బయటికి వెళ్లడం చూశాను.

రెండవ పని: ఉత్తరాన్ని పరీక్షించండి

స్థలానికి 200 అడుగుల లోపు ఉన్న ఆస్తుల యజమానులందరికీ కనీసం 10 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అందులో తేదీ, సమయం, చోటు, ఏమి కడుతున్నారు, ఏ వేరియన్సులు అడుగుతున్నారు, కాగితాలు ఎక్కడ చూడవచ్చు అన్నవన్నీ ఉండాలి. నోటీసు లోపభూయిష్టంగా ఉంటే ఆ రాత్రి విచారణ జరిపే అధికారమే బోర్డుకు ఉండదు. దీన్ని పెద్ద విజయం అనుకోవద్దు. బిల్డరు మళ్లీ నోటీసు పంపి వచ్చే నెల వస్తాడు. మీకు ఒక నెల దొరుకుతుంది, అంతే.

టౌన్‌హోముల్లో, కాండోల్లో ఉండే మనవాళ్లకు ఒక హెచ్చరిక. ఉమ్మడి స్థలానికి సంబంధించిన నోటీసు మీ ఇంటికి కాక అసోసియేషన్ చిరునామాకు వెళ్లవచ్చు. అది మేనేజ్‌మెంట్ కంపెనీ బల్ల మీద పడి ఉంటుంది. అద్దెకుండేవారికి నోటీసే రాదు. అయినా నోటీసు రానంత మాత్రాన మాట్లాడే హక్కు పోదు. ఆ నిర్మాణం వల్ల తన ఇంటిని అనుభవించే హక్కు దెబ్బతినే వారెవరైనా మైకు దగ్గరకు వెళ్లవచ్చు.

మూడవ పని: ఫైలు తెచ్చుకోండి, అసలు యుద్ధం అందులోనే ఉంది

విచారణకు కనీసం 10 రోజుల ముందు నుంచి ప్లాన్లూ నివేదికలూ ఆఫీసు వేళల్లో ఎవరైనా చూసేలా ఉంచాలి. చాలా ఊళ్లు ఇప్పుడు వెబ్‌సైటులో పెడుతున్నాయి. దొరకకపోతే బోర్డు సెక్రటరీని అడగండి, ఆమె మీకు ఈ వ్యవహారంలో అందరికన్నా ఉపయోగపడే మనిషి. నవ్వుతూ మాట్లాడండి.

ఫైలు లావుగా ఉంటుంది. మొత్తం చదవనక్కర లేదు. మొదట బోర్డు ఇంజినీరూ బోర్డు ప్లానరూ రాసిన సమీక్షా ఉత్తరాలు చదవండి. వీళ్ల ఫీజు బిల్డరు ముందుగా ఊరి దగ్గర జమ చేసిన ఎస్క్రో డబ్బులోంచి వెళ్తుంది, కానీ పని చేసేది బోర్డుకు. "డ్రైవ్‌వే దగ్గర దృష్టి దూరం చూపలేదు", "బేసిన్ (వాన నీరు ఆపే గుంట) దిగువన నీరు ఎటు పోతుందో వివరించాలి" అని వరసగా నంబర్లు వేసి రాస్తారు. మీకు వెయ్యి డాలర్లు పెట్టినా దొరకని సాంకేతిక సలహా అక్కడ ఉచితంగా ఉంది.

తరువాత ప్లాను మొదటి పేజీలో జోనింగ్ పట్టిక. మూడు వరుసలు: ఎంత ఉండాలి, ఇప్పుడు ఎంత ఉంది, ఎంత ప్రతిపాదిస్తున్నారు. వెనుక సెట్‌బ్యాక్ (సరిహద్దు నుంచి వదలవలసిన దూరం) 40 అడుగులు ఉండాలి, 31 చూపుతున్నారు అంటే ఆ 9 అడుగుల కోసం వేరియన్స్ కావాలి. నోటీసులో ఆ వేరియన్స్ పేర్కొనకపోతే మీకు మొదటి ప్రశ్న దొరికింది.

ఇక గ్రేడింగ్ షీటు. దీనిమీద ఒక సాయంత్రం పెట్టండి. వేలిముద్రలా వంకర టింకర గీతలు, వాటి మీద అంకెలు కనిపిస్తాయి. పలచని చుక్కల గీత ఇప్పటి నేల ఎత్తు, ముదురు గీత రేపటి ఎత్తు. మీ కంచె దగ్గర చుక్కల గీత 98 అని, ముదురు గీత 101 అని ఉంటే, కంచె అవతల నేలను మూడు అడుగులు లేపుతున్నారని అర్థం. అంటే మీరు వేసుకున్న ఆరడుగుల కంచె అవతలివారికి మూడు అడుగులే. వాళ్ల వంటింటి కిటికీ మీ తులసికోట మీదకు తెరుచుకుంటుంది. వాన నీరు ఎటు దొర్లుతుందో వేరే చెప్పాలా? ఇంత పెద్ద సంగతి ప్లానులో ఎక్కడా మాటల్లో రాసి ఉండదు, రెండు అంకెల తేడాగా మాత్రమే ఉంటుంది.

వాన నీటి నివేదికలో చూడవలసింది ఒక పట్టిక. 2 ఏళ్లకు, 10 ఏళ్లకు, 100 ఏళ్లకు ఒకసారి వచ్చే వానలకు స్థలం నుంచి బయటికి పోయే నీటి గరిష్ఠ ప్రవాహాన్ని, కట్టకముందున్న దాంట్లో వరసగా 50, 75, 80 శాతానికి తగ్గించి చూపడం ఇక్కడ మామూలు పద్ధతి. 2021 సెప్టెంబరులో ఐడా తుఫాను శేషం ఈ రాష్ట్రాన్ని ముంచిన తరువాత, 2023లో పర్యావరణ శాఖ లెక్కలో వాడవలసిన వాన కొలతలను పెంచింది. నివేదిక ఏ కొలతలతో వేశారో అడగడం న్యాయమైన ప్రశ్న.

నాలుగవ పని: మీ ఫిర్యాదులను రెండు కుప్పలు చేయండి

జోనింగ్ ఒప్పుకున్న ఇళ్ల విషయంలో పనికిరాని కుప్ప ఇది: స్కూళ్లలో పిల్లల సంఖ్య, ఊరి రోడ్ల మీద మొత్తం ట్రాఫిక్, ఇళ్ల ధరలు, వచ్చేవాళ్లు అద్దెదారులా యజమానులా అన్నది. ట్రాఫిక్ సంగతి చాలామంది నమ్మరు. నార్త్ బ్రన్స్‌విక్‌లో ఒక డోనట్ దుకాణం మీద నడిచిన కేసులో 1984లోనే అప్పీలు కోర్టు తేల్చింది: జోనింగ్ ఆ వాడకాన్ని అనుమతించినప్పుడు, బయటి రోడ్డు రద్దీని కారణంగా చూపి సైట్ ప్లానును (స్థలంలో ఏది ఎక్కడ కడతారో చూపే పటాన్ని) తిరస్కరించే వీలు లేదు. ఆ రద్దీ లెక్క జోనింగ్ రాసిన రోజే కౌన్సిల్ వేసుకుని ఉండాలి.

పనికొచ్చే కుప్ప చిన్నది కాదు. స్థలంలోకి వచ్చే పోయే దారి ఎక్కడ పెట్టారు, అక్కడ నిలబడితే ఎదురు కారు కనిపిస్తుందా. లోపలి రోడ్డులో అగ్నిమాపక వాహనం తిరగగలదా. చెత్త డబ్బాల చోటు మీ పడకగది కిటికీకి ఎంత దూరం. దీపపు స్తంభాల ఎత్తు ఎంత, సరిహద్దు గీత మీద వెలుతురు అంకె ఎంత. కంచె వెంబడి చెట్లు ఏమిటి, చలికాలంలో ఆకు రాల్చేవా కాదా. వాన నీరు. ఇంకా, వాళ్లు అడుగుతున్న ప్రతి వేరియన్సూ. ఎందుకంటే మినహాయింపు అడిగినవాడే దానికి కారణం నిరూపించాలి. దానివల్ల ప్రజలకూ జోనింగ్ ఉద్దేశానికీ గణనీయమైన హాని లేదని కూడా చూపాలి.

పార్కింగ్ గురించి ప్రత్యేకంగా. ఇళ్ల ప్రాజెక్టులకు రోడ్డు వెడల్పు, పార్కింగ్ లాంటివి 1997 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే నియమావళి. రెండు పడకగదుల టౌన్‌హోముకు 2.3 కార్లు, మూడు పడకగదులకు 2.4. "మా ఇళ్లలో నలుగురికి నాలుగు కార్లు" అని మొత్తుకుంటే బోర్డు ఆ అంకెను పెంచలేదు. కానీ ఆ నియమావళే ఇంకొక మాట అంటుంది: ఒక కారు గరాజూ దాని ముందు డ్రైవ్‌వే కలిపి రెండు కార్లుగా లెక్క పెట్టాలంటే, ఆ డ్రైవ్‌వే కనీసం 18 అడుగుల పొడవు ఉండాలి. స్కేలు పెట్టి కొలవండి. 16 అడుగులు ఉంటే వాళ్ల లెక్క కుప్పకూలుతుంది. (గరాజుల్లో కార్లు కాక బియ్యం బస్తాలూ సూట్‌కేసులూ ఉంటాయన్నది మనకు తెలిసిన నిజమే గానీ, చట్టానికి అది తెలియదు.)

అయిదవ పని: సాక్ష్యం సిద్ధం చేసుకోవడం

సంతకాల కాగితం తీసుకెళ్లకండి. సంతకం పెట్టినవారిని ప్రశ్నించే వీలు అవతలి లాయరుకు ఉండదు కనుక దాన్ని సాక్ష్యంగా తీసుకోరు. ఈమెయిళ్ల సంగతీ అంతే. మూడు వందల సంతకాల కన్నా ప్రమాణం చేసి మాట్లాడే ముగ్గురు మనుషులు మేలు. ఫొటోలు తీసిన మనిషే వచ్చి, ఎప్పుడు ఎక్కడ నిలబడి తీశాడో చెప్పాలి.

వీధి అంతా కలిసి డబ్బు వేసుకోగలిగితే సొంతంగా ఒక లైసెన్సు ఉన్న ప్లానరునో ఇంజినీరునో పెట్టుకోవచ్చు. యూజ్ వేరియన్స్ కేసులో ఇది దాదాపు తప్పనిసరి. అవతల నలుగురు నిపుణులు చెప్పినదానికి ఇవతల నిపుణుడెవరూ బదులు చెప్పకపోతే, బోర్డు మీ పక్షాన ఓటేసినా కోర్టులో అది నిలబడటం కష్టం. జోనింగ్‌కు లోబడిన మామూలు సైట్ ప్లానుకు మాత్రం నేనైతే ఆ ఖర్చు పెట్టను. ఆ డబ్బుతో మా వైపు చెట్లు నాటుకుంటాను.

ఆరవ పని: ఆ రాత్రి

జాతీయ పతాకానికి వందనం, హాజరు, పాత రిజల్యూషన్ల (నిర్ణయ పత్రాల) ఆమోదం, ఆ తరువాత మన కేసు. బిల్డరు లాయరు లేచి సారాంశం చెబుతాడు. సివిల్ ఇంజినీరు, ఆర్కిటెక్టు, ట్రాఫిక్ ఇంజినీరు, ప్లానరు ఒకరి తరువాత ఒకరు ప్రమాణం చేసి చెబుతారు. వాళ్లు చూపే పటాలకు ఎ-1, ఎ-2 అని గుర్తులు వేస్తారు. అంతా రికార్డు అవుతుంది.

ప్రతి సాక్షి ముగించాక బోర్డు ప్రశ్నలు, తరువాత ప్రజల ప్రశ్నలు. ప్రశ్నలు మాత్రమే. అభిప్రాయాలకు చోటు చివర్లో, సాక్షులందరూ అయిపోయాక. మనవాళ్లలో నూటికి తొంభై మంది ఇక్కడే దెబ్బతింటారు. ప్రశ్నల వేళ లేచి ప్రసంగం మొదలుపెడితే అధ్యక్షుడు ఆపుతాడు. అవమానంగా తోచి ఇంటికి వెళ్లిపోతే, చివర్లో మాట్లాడే అవకాశం కూడా పోతుంది.

సాక్షిని నేరుగా ప్రశ్నించే హక్కు లాయరు లేని మామూలు మనిషికి కూడా చట్టం ఇచ్చింది. కాబట్టి ప్రశ్నను పదును పెట్టుకోండి. "మీ వల్ల మా వీధి నాశనమవుతుంది కదా?" అనేది ప్రశ్న కాదు, శాపం. "మీరు కార్లను ఏ తేదీన లెక్కించారు? ఆ రోజు స్కూళ్లు తెరిచి ఉన్నాయా?" అనేది ప్రశ్న. "మీ డ్రైవ్‌వే నుంచి రాత్రి బయటికి వచ్చే కారు దీపాలు ఏ ఇంటి మీద పడతాయి?" అనేది ఇంకా మంచి ప్రశ్న, ఎందుకంటే ఇంజినీరు పటం వైపు తిరిగి వేలితో మీ ఇంటిని చూపించక తప్పదు. కాగితం మీద రాసుకుని చదవండి. ఉచ్చారణ గురించి బెంగ వద్దు. నెమ్మదిగా చదివితే రికార్డులో స్పష్టంగా పడుతుంది, కావలసింది అంతే.

నేను చూసిన వాటిలో అన్నిటికన్నా బాగా పనిచేసినది ఒక పెద్దావిడ సాక్ష్యం. కొడుకూ కోడలితో ఉంటున్నారు, చీర మీద స్వెట్టరు, చేతిలో మందుల షాపులో ప్రింటు వేయించిన ఆరు ఫొటోలు. ప్రమాణం చేయించారు. వాన వెలిసిన మర్నాడు పెరటి మూలలో నీరు ఎంత ఎత్తున నిలిచిందో చూపడానికి ఆమె నీటిలో ఒక వంటింటి గరిటె నిలబెట్టి ఫొటో తీశారు. గరిటె కాడ సగం మునిగి ఉంది. ఒక్క విశేషణం లేకుండా తేదీలు చెప్పారు, అంతే. బోర్డు ఇంజినీరు ఆ ఫొటోలు తీసుకుని గ్రేడింగ్ షీటు పక్కన పెట్టి చాలాసేపు చూశాడు. తరువాత బిల్డరు ఇంజినీరును అడిగాడు: "ఈ మూలకు ఒక ఇన్‌లెట్ (నీరు కిందికి దిగే జాలీ) ఎందుకు పెట్టలేదు?" సమాధానం వెంటనే రాలేదు. అప్లికేషన్ చివరికి ఆమోదం పొందింది. కానీ ఆ మూలలో ఇన్‌లెట్టూ, కంచె వెంబడి నీటి కాలువా షరతులుగా చేరాయి.

ఒక రాత్రిలో ఏదీ తేలదు. విచారణను "ఫలానా తేదీకి వాయిదా వేస్తున్నాం, మళ్లీ నోటీసు ఉండదు" అని అధ్యక్షుడు నోటితో ప్రకటిస్తాడు. మళ్లీ ఉత్తరం రాదు. ఆ క్షణంలో మీరు కారిడార్‌లో కాఫీ తాగుతూ ఉంటే తేదీ జారిపోయినట్టే.

ఏడవ పని: షరతులు అడగండి

"వద్దు" దొరకని చోట "ఇలా కట్టండి" దొరుకుతుంది. చివర మాట్లాడేటప్పుడు, ఆమోదిస్తే ఈ షరతులు పెట్టండని వరసగా చెప్పండి. ఆకు రాల్చని చెట్లు ఎన్ని, నాటేనాటికి ఎంత ఎత్తు, ఎండిపోతే ఎన్నేళ్లలోపు మార్చాలి. దీపాలకు పక్క వెలుగు ఆపే మూతలు. నిర్మాణపు లారీలు ఏ దారిన రావాలి. వాన నీటి బేసిన్‌ను ఎవరు, ఎంత కాలం సంరక్షించాలి. బిల్డరుకు కావలసింది ఆలస్యం లేని ఆమోదం, కాబట్టి వీటిలో చాలావాటికి లాయరు అక్కడికక్కడే "సమ్మతమే" అంటాడు. ఆ మాట రికార్డులో పడాలి. హాలు బయట చేతులు కలిపి ఇచ్చిన హామీకి విలువ లేదు.

ఓటు అయిన 45 రోజుల్లో నిర్ణయాన్ని రాతపూర్వక రిజల్యూషన్‌గా ఆమోదించాలి. అది తెప్పించుకుని ప్రతి షరతూ ఉందో లేదో చూడండి. నిర్ణయం గురించి అధికారిక నోటీసు ప్రచురించిన నాటి నుంచి 45 రోజుల్లో సుపీరియర్ కోర్టుకు వెళ్లవచ్చు. కోర్టు కొత్త సాక్ష్యం వినదు. బోర్డు ఎదుట రికార్డయినదే చూసి, నిర్ణయం నిరంకుశంగా ఉందా అని మాత్రమే పరిశీలిస్తుంది. పెద్దావిడ గరిటె ఫొటో ఆ రాత్రి చూపకపోయి ఉంటే, కోర్టులో అది లేనట్టే.

ఆ 60 ఇళ్లు అక్కడికే ఎందుకు వచ్చాయి

ఇది తెలియకుండా మైకు దగ్గరకు వెళ్లకండి. బర్లింగ్టన్ కౌంటీలోని మౌంట్ లారెల్ అనే ఊళ్లో తరతరాలుగా ఉన్న నల్లజాతి కుటుంబాలు, తమకు అందుబాటు ధరలో కొన్ని అపార్ట్‌మెంట్లు కట్టనివ్వమని అడిగితే ఊరు జోనింగ్ చూపించి కాదంది. ఎథెల్ లారెన్స్ అనే మహిళ పేరు ముందుండగా కేసు నడిచింది. 1975లో రాష్ట్ర సుప్రీంకోర్టు, పేదలను బయట ఉంచే జోనింగ్ చెల్లదనీ, ప్రతి ఊరూ తన వంతు మోయాలనీ చెప్పింది. ఊళ్లు వినకపోతే 1983లో బిల్డర్లకే కోర్టుకు వచ్చే మార్గం ఇచ్చింది. 1985లో ఈ బాధ్యత మీద చట్టం, 2024 మార్చిలో దానికి పెద్ద సవరణ. ఇప్పుడు నడుస్తున్నది ఊళ్ల వంతులు లెక్క కట్టే పనిలో 2025 నుంచి 2035 దాకా సాగే నాలుగో విడత. రాష్ట్రం మొత్తానికి అందుబాటు ధరలో 84,698 కొత్త ఇళ్ల అవసరాన్ని లెక్క కట్టి ఊళ్లకు పంచారు. తన వంతు ఇళ్లు ఎక్కడ వస్తాయో చెబుతూ ఊరు సమర్పించిన ప్రణాళికలో మీ వెనుక పొలం ఉంటే, దాన్ని ఆపిన బోర్డు కోర్టులో ఓడిపోవచ్చు. ఊరు తన జోనింగ్ మీద పట్టే కోల్పోవచ్చు.

ఇళ్ల ధరలు పడిపోతాయన్న భయానికి కూడా ఆ ఊరే జవాబు. ఎథెల్ లారెన్స్ పేరుతో కట్టిన ఇళ్లలోకి 2000లో జనం వచ్చారు. ప్రిన్స్టన్ సామాజిక శాస్త్రవేత్త డగ్లస్ మాసీ బృందం వాటిని అధ్యయనం చేసింది. చుట్టుపక్కల ధరల్లో గానీ నేరాల్లో గానీ వాటివల్ల చెడు కనిపించలేదు. ఇంకొక మాట, కాస్త చేదుగా ఉన్నా చెప్పాలి. ప్రార్థనా మందిరాల అప్లికేషన్లు కూడా ఈ బోర్డుల ముందుకే వస్తాయి. గుడి కట్టాలని మనం వెళ్లిన రోజు పక్కవాళ్లు లేచి ట్రాఫిక్ అన్నారు, పార్కింగ్ అన్నారు, "ఈ ఊరి తీరు మారిపోతుంది" అన్నారు. ఆ మూడో మాటను మనం మైకులో అనే ముందు ఒకసారి నాలుక మీద పెట్టుకుని చూసుకోవాలి.

ఎనిమిదవ పని, నిజానికి మొదటిది

పొలంలో ఎన్ని ఇళ్లు అన్నది విచారణ రాత్రి నిర్ణయం కాదు. ఆ పొలం జోనింగ్ మార్చిన రోజు నిర్ణయమైంది. ఆ రోజు కౌన్సిల్ హాలులో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. అప్లికేషన్ పడ్డాక జోనింగ్ మారిస్తే లాభం లేదు. 2011 నుంచి అమలులో ఉన్న నియమం ప్రకారం, ప్రజారోగ్యం, భద్రత లాంటి మినహాయింపులు తప్ప, అప్లికేషన్ సమర్పించిన నాటి ఆర్డినెన్సే దానికి వర్తిస్తుంది.

జోనింగ్ మార్పు కౌన్సిల్ ముందున్నప్పుడు అంతా తిరగబడుతుంది. అక్కడ కౌన్సిల్ సభ్యులు జడ్జీలు కారు, మీ ఓట్లు కావలసినవాళ్లు. ఫోను చేయవచ్చు, స్కూళ్ల గురించీ ట్రాఫిక్ గురించీ మాట్లాడవచ్చు. దీపావళి పరిచయం వాడుకోవలసిన చోటూ అదే. సంతకాలకు కూడా అక్కడ బలం ఉంది: మార్పు జరిగే స్థలంలో గానీ దానికి 200 అడుగుల లోపు భూమిలో గానీ 20 శాతం విస్తీర్ణానికి యజమానులు నిరసన పత్రం మీద సంతకం చేసి క్లర్కుకు ఇస్తే, ఆ ఆర్డినెన్సు నెగ్గడానికి కౌన్సిల్‌లో మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. మామూలు సంతకాల కాగితానికీ దీనికీ పోలిక లేదు.

ఇవన్నీ పుట్టేది మాస్టర్ ప్లానులో, అంటే ఊరు ఎలా పెరగాలో చెప్పే ప్రణాళికలో. దాన్ని కనీసం పదేళ్లకొకసారి పునఃపరిశీలించాలి. రేపు పొద్దున క్లర్కు ఆఫీసుకు ఫోను చేసి, కిందటి పునఃపరిశీలన నివేదిక ఏ సంవత్సరం ఆమోదించారో, మీ వీధి వెనుక స్థలం జోను పేరు ఏమిటో అడగండి. ఆ సంవత్సరానికి పది కలిపితే వచ్చే తేదీ గడువు మాత్రమే, పని అంతకు ఏడాది ముందే మొదలవుతుంది. మా ఊళ్లో ఆ లెక్క వచ్చే ఏడాదికి వచ్చింది. ఇండియన్ గ్రాసరీవాళ్లు ఇచ్చిన తెలుగు క్యాలెండరు మీద, ప్లానింగ్ బోర్డు కలిసే వారాలకు ఎర్ర పెన్నుతో గీతలు పెట్టుకున్నాను.